ఇంకో మ్యుటేషన్

మా అక్కది ఉరవకొండ దగ్గర వానను నమ్ముకున్న సేద్యం. బావ పోయాక పొలం తన పేరుకు మార్చమని మండలాఫీసు చుట్టూ తిరిగేది. ఆ మార్పును ఆఫీసులో మ్యుటేషన్ అంటారు. మాట పలకడం ఆమెకు బాగా వచ్చింది, పని మాత్రం కాలేదు.

రెండువేల పదికి కొంచెం ముందు, వేరుశనగ కాయ పీకే రోజుల్లో దగ్గు పట్టుకుంది. దుమ్ము వల్ల అనుకున్నాం. తగ్గకపోతే బెంగళూరు ఆస్పత్రికి తీసుకుపోయాను. అక్కడ ఊపిరితిత్తి నుంచి చిన్న ముక్క తీసి చూస్తే క్యాన్సర్. అప్పటికే ఎముకలకు పాకింది. బీడీ వాసన కూడా గిట్టని మనిషి.

డాక్టరు తెలుగాయనే. "ఆ ముక్కను ఇంకో పరీక్షకు పంపుతామమ్మా. మ్యుటేషన్ ఉంటే రోజూ మాత్ర చాలు. లేకుంటే కీమో సూదిమందే. నీ ఒంటికి అది తట్టుకోవడం కష్టం" అన్నాడు.

అక్క నా వైపు తిరిగింది. "ఏమిరా, ఈడ గూడా మ్యుటేషనేనా? మన తాసిల్దారు ఈ సారుకు సుట్టమా ఏమి?"

పత్రికలో ఇన్నేళ్ళు పనిచేసినా ఆ పరీక్ష సంగతి వినడం నాకూ అదే మొదలు. డాక్టరు నాకు చెప్పిందే ఆమెకు చెప్పాను. గడ్డలోని జన్యువులో ఒక మార్పు ఉంటుంది, అది ఉన్నవాళ్ళకే ఆ మాత్ర పనిచేస్తుంది.

ఊరికి పోయాక ఎవరడిగినా "మ్యుటేషన్‌కు పంపినాము, రావల్ల" అనేది. వాళ్ళు పొలం సంగతి అనుకుని, "అది యాడొస్తాదిలే వదినా" అని నవ్వేవాళ్ళు. అక్క ముఖం వాడిపోయేది.

ఆస్పత్రి నుంచి నాకు కబురొచ్చింది. వెంటనే ఫోన్ చేశాను. "అక్కా, మ్యుటేషన్ ఉండాది!"

"పొలందా?"

"కాదక్కా, నీది."

అవతల నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

మాత్ర రాసే రోజున అక్క డాక్టరును సూటిగా అడిగింది. "ఇది శాశ్వతమా సార్, కౌలా?"

"కౌలేనమ్మా. ఎన్నాళ్ళకో నేను చెప్పలేను."

అక్క తల ఊపింది. "కౌలుకు తీసుకున్న సేను ఎవురన్నా బీడు పెడతారా సార్? మాత్ర ఎప్పుడేసుకోవల్ల, అన్నానికి ముందా, ఎనకా?"