పెట్ట కడుపులో బంతిరంగు

మా పిన్ని కోడిగుడ్ల పరువు తీసింది నేనే.

చోడవరం బస్టాండు దగ్గరి ఆమ్లెట్ల బండికి ఆవిడ రోజూ తన పెట్టల గుడ్లు వేసేది. బాబాయి పోయాక ఆవిడకి అదొక్కటే ఆధారం. మొదట్లో ఆ గుడ్డు పక్కన గట్టిగా తుమ్మితే పగిలేది. సొన రక్తం లేని మొహంలా పాలిపోయి ఉండేది. పిన్ని మునగాకు, బంతిరేకులు నీడన ఆరబెట్టి, దంచి, తవుడులో కలిపి పెట్టడం మొదలెట్టింది. మా వీధిలో దేవుళ్లకి పువ్వు కరువైంది గానీ కోళ్లకి కాలేదు. రెండు నెలల్లో పెంకు కొబ్బరిచిప్పకి పాఠాలు చెప్పింది. పెనం మీద సొన పడితే అనకాపల్లి బస్సు ఎర్రలైటనుకుని ఆగిపోయేది.

ఒకరోజు బండి దగ్గర నలుగురూ నవ్వుతారని అన్నాను: "మా పిన్ని సూదితో రంగెక్కిస్తంది. నాను సూసేను."

నవ్వారు. మూడోరోజు బండివాడు గుడ్లు తిప్పి పంపేశాడు.

నేను పరుగెత్తుకెళ్లి, "సరదాకన్నానురా బాబూ!" అని మొత్తుకున్నాను.

"పిన్ని కదేటి, ఎనకేసుకొస్తన్నారు," అన్నాడు వాడు.

పిన్ని వచ్చి వాడి ముందే గుడ్లు పగలగొట్టి చూపించింది. ఇంటి దగ్గరే రంగెక్కించి తెచ్చిందన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. ఆవిడ ఇంటికెళ్లి, అన్నిటికన్నా బాగా గుడ్లు పెట్టే ఎర్రపెట్టని చంకన పెట్టుకొచ్చింది.

"ఒరే, కాళ్లు పట్టుకో," అంది నాతో.

పట్టుకున్నాను. రోజూ రేకులు తినిపించిన చేత్తోనే కోసింది. కడుపు చీల్చి పళ్లెంలో పెట్టింది. ఇంకా పెంకు కట్టని సొనలు గుత్తిగా ఉన్నాయి. ఉసిరికాయంత దాన్నించి ఆవగింజంత దాకా, అన్నీ బంతిరంగే.

"సూడండి. ఇందులోకి ఏ సూది ఎల్లిందో సెప్పండి."

బండివాడు తల గోక్కున్నాడు.

"తప్పయిపోనాదమ్మా. రేపట్నుంచి మళ్లీ ఎయ్యి. ఈ పెట్ట గుడ్లే ఎక్కువ తే, మంచి రంగున్నాయి."

"దీని రేపటివి, ఎల్లుండివి, ఆ పైవారానివి అన్నీ పళ్లెంలోనే ఉన్నాయి. ఏయించెయ్యి."

వాడు నిజంగానే వేయించేశాడు. మొదటి ప్లేటు పిన్ని నా చేతిలో పెట్టించి, ఎదురుగా నిలబడింది. ఆఖరి ముక్క దాకా కదల్లేదు.

చాలా రుచిగా ఉంది.