ఓబులమ్మకు నేను చెప్పిన పథ్యం

అది 1957. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల పోయే దారికి రెండు మైళ్లు లోపలగా మా ఊరు. మా అత్త దగ్గర నేర్చుకున్న మంత్రసాని పని అప్పటికి పన్నెండేళ్లుగా చేస్తున్నాను. అంతకు ముందు ఏడాది ఆళ్లగడ్డలో ప్రసూతి కేంద్రం పెట్టి, మాలాంటి వాళ్లను పిలిపించి కొన్ని వారాలు శిక్షణ ఇచ్చారు. నేర్పింది కోస్తా నుంచి వచ్చిన మిడ్‌వైఫ్, అంటే కాన్పుల పని చదువుకొని వచ్చిన నర్సమ్మ. చివర్లో తలా ఒక కిట్ ఇచ్చింది. రేకుపెట్టెలో సబ్బు, బ్లేడు, బొడ్డు కట్టే దారం, గోళ్లు రుద్దుకునే బ్రష్షు.

చేతులు మోచేతుల దాకా కడగమంటే కడిగాను. బ్లేడు మరగబెట్టమంటే మరగబెట్టాను. కడుపుతో ఉన్న మనిషి మామూలు కన్నా ఎక్కువ తినాలని కూడా ఆమె చెప్పింది. అది మాత్రం పట్టించుకోలేదు. బిడ్డ లావైతే కాన్పు కష్టమని, ఆరో నెల నుంచి తల్లి నోరు కట్టుకోవాలని మా అత్త చెప్పేది. ఆ పద్ధతి వల్లనే నా చేతిలో కాన్పు సులువుగా అవుతుందని పేరు వచ్చిందనుకునేదాన్ని. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. చదువు లేక పొరపాటు చేశానని ఇప్పుడు చెప్పుకోవడం తేలిక. కానీ మిడ్‌వైఫ్ నోటితోనే చెప్పింది, నేను చెవులతోనే విన్నాను.

ఓబులమ్మ మా ఊళ్లో పెద్ద సేద్యం ఉన్న ఇంటి కోడలు. బనగానపల్లె వైపు పిల్ల. తల్లి లేదు కాబట్టి కాన్పులు అత్తగారింట్లోనే. 1955లో తొలికాన్పుకు నన్నే పిలిచారు. నొప్పులు ఒకటిన్నర రోజు సాగాయి. తల రావలసిన చోట బిడ్డ చెయ్యి బయటికి వచ్చింది. ఎద్దులబండి కట్టి నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోతే తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. అక్కడ డాక్టరు ఏం చెప్పిందో మేమెవరమూ అడగలేదు. బిడ్డ లావై అడ్డంపడిందని ఊళ్లో చెప్పింది నేనే.

రెండోసారి ఐదో నెల వచ్చేసరికి ఆమె అత్త నాగమ్మ తనే మా ఇంటికి వచ్చింది. ఆమె ఎవరి గడపా ఊరికే తొక్కే మనిషి కాదు.

"ఈసారి బిడ్డ సన్నగుండాల చెన్నమ్మా. ఏం జేస్తావో ఏమో, పిల్ల మళ్లీ ఆ బండెక్కగూడదు" అంది.

నేను పథ్యం చెప్పాను. పూటకు సగం సంగటి ముద్ద. పాలు, నెయ్యి, గుడ్డు, చెనక్కాయలు, బెల్లం వద్దు. రాత్రికి మజ్జిగ చాలు. నాగమ్మ ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించింది. కోడలి మీద కోపంతో కాదు. పిల్ల ఆకలితో ఉంటే తనకు ముద్ద దిగదని తానూ రాత్రి భోజనం మానేసింది. గాదెల నిండా జొన్నలు, కొట్టంలో పాలిచ్చే ఎనుములు మూడు. ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు నా మాట మీద పస్తు పడుకున్నారు.

ఏడో నెలలో చూడబోతే ఓబులమ్మ పెరట్లో గోడమట్టి గిల్లుకొని తింటోంది. కడుపుతో ఉన్నవాళ్ల కోరిక అది, మామూలే అని నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఆకలైతాంది చెన్నక్కా. సంగటి వాసనకే కండ్లు తిరుగుతాండాయి" అంది.

"నీకు ముద్ద గావాల్నా, బిడ్డ గావాల్నా?" అన్నాను.

"బిడ్డే" అంది. చేతిలోని మట్టి కింద పారేసింది.

ఆ నెలలోనే మిడ్‌వైఫ్ ఊరికి వచ్చింది. ఓబులమ్మ కంటి కింది రెప్ప లాగి చూసి ఎనీమియా అంది. ఒంట్లో రక్తం తగ్గిపోవడాన్ని అలా అంటారు. కనురెప్ప లోపల ఎర్రగా ఉండవలసిన చోట సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. రక్తం పట్టడానికి ఐరన్ బిళ్లలు ఇచ్చి, నాగమ్మ వినేటట్టుగానే నన్ను అడిగింది.

"ఏం తింటోంది ఈ అమ్మాయి?"

"బాగానే తింటాందమ్మా" అన్నాను.

ఓబులమ్మ నా వైపు చూసింది. ఆ ఒక్క క్షణంలో నేను నిజం చెప్పి ఉంటే ఇంకా రెండు నెలలు చేతిలో ఉండేవి. మిడ్‌వైఫ్ పోయాక, బిళ్లలతో బిడ్డకు ఒళ్లు వస్తుందని నాగమ్మతో అన్నాను. ఆమె వాటిని అటక మీద పెట్టేసింది.

కాన్పు నెల ముందే వచ్చింది. పొద్దున నొప్పులు మొదలై, ఎండ ఎక్కకముందే బిడ్డ పుట్టాడు. ఎంత సులువుగా అయిందంటే నేను గర్వపడ్డాను. నాగమ్మ నాకు కొత్త చీర పెట్టింది. బిడ్డ మాత్రం గట్టిగా ఏడవలేదు. చనుమొన నోట పెడితే రెండుసార్లు చప్పరించి అలసిపోయి నిద్రపోయేవాడు. మరునాటికి కాళ్లు చల్లబడ్డాయి. భయపడి మనిషిని పంపి మిడ్‌వైఫ్‌ను పిలిపించాను.

ఆమె స్ప్రింగ్ బాలెన్స్ అనే కొక్కెం తూకానికి గుడ్డతో బిడ్డను వేలాడదీసింది. మూడు పౌన్లు కూడా లేడు. దూది చుట్టి, తల్లి పాలు పిండించి, చెంచాతో బొట్టు బొట్టుగా పోసింది. నాలుగో రోజు మధ్యాహ్నం బిడ్డ పోయాడు.

వాకిట్లో చేతులు కడుక్కుంటూ, తల్లి ఏం తినేదని ఆమె మళ్లీ అడిగింది. ఈసారి అంతా చెప్పాను, ఆ పథ్యం ఎందుకు పెట్టానో కూడా చెప్పాను. తొలికాన్పులో బిడ్డది ముందుగా ఏం బయటికి వచ్చిందని అడిగింది. చెయ్యి అన్నాను.

"దాన్ని ట్రాన్స్‌వర్స్ అంటారు. బిడ్డ గర్భంలో అడ్డంగా పడుకున్నాడన్నమాట. లావుకూ దానికీ సంబంధం లేదు చెన్నమ్మా" అంది. ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

1959లో ఓబులమ్మకు మళ్లీ నెల తప్పింది. నేను పోయి, పాలూ గుడ్డూ కడుపునిండా పెట్టమన్నాను.

"అప్పుడు వద్దంటివి, ఇప్పుడు పెట్టమంటాండావ్. ఏందీ?" అంది నాగమ్మ.

"పద్ధతి మారిందమ్మా" అన్నాను.

ఆమె నమ్మింది. పెరుగు తేవడానికి లోపలికి పోయింది. ఓబులమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"అప్పుడు గూడా తినొచ్చునా చెన్నక్కా?"

"తినొచ్చు తల్లీ."

పెరుగు వచ్చింది, ఓబులమ్మ తినింది. ఆ బిడ్డ నంద్యాల ఆసుపత్రిలో పుట్టింది. ఆడపిల్ల, బతికింది.

ఆ తర్వాత ఏ గర్భిణినీ అత్త ఎదుట తిండి సంగతి అడగలేదు. విడిగా కూర్చోబెట్టి, నిన్న పొద్దున్నుంచి ఏమేం తిన్నావో వరసగా చెప్పమనేదాన్ని. నాగమ్మకు మాత్రం అసలు సంగతి చెప్పలేదు. తన చేత్తో తగ్గించి వడ్డించిన మనిషికి ఆ మాట ఎందుకని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి నా పేరు పోతుందని భయం. బిడ్డను దేవుడు తీసుకుపోయాడనే అనుకుంటూ ఆమె కన్నుమూసింది. మిడ్‌వైఫ్ నా తప్పు చెప్పాక కూడా చుట్టుపక్కల ఊళ్లలో నా పాత మాట నడుస్తూనే ఉంది. దాన్ని పట్టుకొని ఎందరు నోరు కట్టుకున్నారో నాకు తెలియదు. మంత్రసాని మాటను ఇంటిల్లిపాదీ నమ్ముతారు. అది తప్పని తెలిసిన రోజే, చెప్పిన ప్రతి గడపకూ పోయి మళ్లీ చెప్పాలి. నేను రెండేళ్లు ఆలస్యంగా, అదీ అడిగిన ఒక్కరికే చెప్పాను.