టేకులపల్లి ఫొటోలో నల్లమచ్చ

ఖమ్మంలో మే నెలలో ఫ్యాన్ వేసుకోకుండా పనిచెయ్యమంటే ఎవరికైనా మండుతుంది. నాకు మామూలు రోజుల్లోనే మండుతుంది. కానీ ఏం చేస్తాం? ఫ్యాన్ వేస్తే బల్ల మీద ట్రేసింగ్ ఫిల్ములు ఎగిరిపోయేవి. మెడకు తువ్వాలు చుట్టుకుని, విమానంలోంచి తీసిన నలుపు తెలుపు ఫొటోల మీదకు వంగి కూర్చునేవాళ్ళం. చెమటచుక్క పడి ఫిల్ము మీద సిరా పాకిందా, అక్కడో కుంట పుట్టినట్టే. నేను తిట్టుకుంటూ తుడుస్తుంటే మా ఆఫీసరు, "ఉన్న చెరువులు చాలు మేడం, మీరు కొత్తవి తవ్వకండి" అనేవాడు.

రెండువేల సంవత్సరం దాటిన తర్వాతి రోజులవి. జిల్లాలో నీటి జాగాలన్నీ మ్యాపు చెయ్యడం మా పని. చెరువులు, కుంటలతో పాటు జాలు నేలలు కూడా అందులోకి వస్తాయి. ఊట ఉబికి ఏడాది పొడవునా చిత్తడిగా ఉండే నేలను జాలు అంటారు. ఆ ఫొటోల్లో నీళ్ళు నల్లగా పడతాయి. నల్లగా ఉన్నచోట గీత గీసి నీలం రంగు నింపాలి, అంతే. వినడానికి పిల్లల పనిలా ఉంటుంది. ఒకే చోటును కొంచెం ఎడంగా తీసిన రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టి, స్టీరియోస్కోపు జంట అద్దాల్లోంచి చూస్తే మాత్రం సంగతి వేరు. చదునుగా ఉన్న కాగితం మీద గుట్టలు పూరీల్లా పొంగుతాయి, వాగులు లోతుకు దిగుతాయి. ఆ క్షణం కోసమే నేను ఆ ఉక్కపోతను భరించాను.

నాకంటే ముందు పనిచేసినవాళ్ళు గీసిన చిత్తు మ్యాపుల్ని నేల మీద సరిచూడటం నా వంతు. టేకులపల్లి దాటాక, అడవి అంచున ఒక వాగు పక్కన నీలం మచ్చ ఒకటి ఉంది. జీపు దిగి నడిచి వెళ్తే అక్కడ కుంట లేదు. సగం దున్ని వదిలేసిన చేను ఉంది. చేను మధ్య ఇప్పచెట్టు కింద ఒక కోయ ముసలావిడ, ఆమె కొడుకు కూర్చుని ఉన్నారు. దున్నే రోజుల్లో ఎడ్లు కట్టేసి ఉన్నాయి. ఎందుకని అడిగాను.

ఆమె చెప్పింది విని నాకు తల తిరిగింది. మా చిత్తు మ్యాపు కాపీ ఒకటి ఎలాగో మా కంటే ముందే అక్కడికి చేరింది. ఇది నీటి జాగా అని తేలింది, ఇక దున్నొద్దు, విత్తొద్దు అని ఎవరో వచ్చి చెప్పిపోయారట. వానలు దగ్గరికొచ్చాయి. ఈ అదును పోతే ఆ ఇంటికి ఏడాది తిండి పోతుంది. ఒక్క ఏడు బీడు పెడితే పొదలు లేస్తాయి, తర్వాత ఇది చేనే కాదంటారు. వాళ్ళ భయమంతా అదే. చిత్తును పక్కాగా భావించి మోసుకొచ్చిన ఆ పెద్దమనిషి దొరికితే నాలుగు దులిపేద్దామనుకున్నాను గానీ, దొరకలేదు.

చేను కిందివైపు నడిస్తే నా చెప్పు బురదలో దిగబడింది. అక్కడ నిజంగానే జాలు ఉంది. మ్యాపు పూర్తిగా తప్పు కాదు అవ్వా అన్నాను. ఆమెకు కోపమొచ్చింది. "కింద జాలు ఉన్నది, నేను లేదన్ననా? పైన చేను ఉన్నది. రెండూ ఒక్కటెట్లయితయి?" అంది. ఫొటోలు మళ్ళీ చూసి చెప్తానని వచ్చేశాను. తోవంతా ఆ మచ్చ గురించే ఆలోచన.

మర్నాడు బల్ల ముందు కూర్చుని ఆ చోటు ఫొటోలు రెండూ బయటికి తీశాను. ముందు గీసినవాళ్ళు తొందరలో ఒక్క ఫొటోనే చూసి గీసేసినట్టున్నారు. అద్దాల్లోంచి చూస్తే నల్లమచ్చ కింది సగం చదునుగా పడుకుని ఉంది. పై సగం వాలు మీదికి పోతోంది. నీళ్ళు వాలెక్కి నిలబడతాయా? ఇంకా కళ్ళు చికిలించి చూశాను. ఆ పై నలుపులో అక్కడక్కడా బూడిదరంగు గడ్డలు, ఒక్కోదానికీ పక్కనే నీడ. చెట్లు! ఆ వైపు సాగు కోసం పోడు కొట్టేవాళ్ళు అడవినంతా నరుకుతారు గానీ ఇప్పచెట్టు మీద గొడ్డలి వెయ్యరు. పువ్వు ఏరుకోవాలి, పలుకుల నుంచి నూనె తియ్యాలి. కొట్టిన కంపనంతా తగలబెడితే, నల్లటి మసిలో ఇప్పచెట్లు మాత్రం నిలబడి ఉంటాయి. వాళ్ళు పోడు కాల్చిన రోజుల్లోనే విమానం మీదుగా పోయినట్టుంది. మసి పక్కన తడి, రెండూ ఒకే నలుపు. నేను కుర్చీలోంచి లేచి గట్టిగా అరిచాను, సంతోషంతోనే.

ఆఫీసరుతో పెద్ద గొడవే అవుతుందని మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఆయన అద్దాల్లోంచి చూసి వెంటనే ఒప్పేసుకున్నాడు. ఉసూరుమనిపించింది. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. మా మ్యాపులో ఇంత కంటే చిన్న ముక్కను చూపకూడదని ఒక కొలత ఉంటుంది. అంతకు తగ్గితే చుట్టూ ఉన్నదాంట్లో కలిపెయ్యాలి. జాలూ చేనూ కలిసి ఉన్నంతసేపూ కొలతకు సరిపోయాయి. విడదీస్తే రెండూ చాలవు. చుట్టూ ఉన్నది అడవి. కాబట్టి రెండూ అడవిలో కలిసి పచ్చరంగైపోతాయి.

ఇదెక్కడి న్యాయమన్నాను. ఉన్న నీళ్ళు లేవంటాం, ఉన్న మనుషులు లేరంటాం, మరి ఎందుకీ మ్యాపు అన్నాను. ఆయన కోప్పడలేదు. "మన పెన్సిలు గీతే అక్కడ బండిబాట అంత వెడల్పు మేడం, ఇంకా చిన్నగా ఎలా చూపిస్తాం?" అన్నాడు. చాయ్ చల్లారేదాకా వాదించాను. కొలత మారలేదు. నీలం మాత్రం పోయింది, వాళ్ళను ఆపిన మాట కూడా దాంతోపాటే పోయింది. అంతటితో తృప్తిపడాలో వద్దో తెలియక, సంతకమైన కొత్త షీటు కాపీ తీసుకుని నేనే టేకులపల్లి బస్సెక్కాను.

ముసలావిడ ఆ కాగితాన్ని నులకమంచం మీద పరిచింది. తమ చేను ఎక్కడుందో చూపించమంది. వాగు చూపించాను, బాట చూపించాను, తర్వాత వేలు పచ్చరంగు మీద పెట్టాను. నీటి జాగా అన్న మాట కొట్టేశామని, దున్నుకోవచ్చని, ఆపడానికి ఎవరైనా వస్తే ఈ కాగితం చూపించమని చెప్పాను. చేను అని మాత్రం రాయలేదని, రాయడానికి మా కొలత సరిపోలేదని కూడా దాచకుండా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆమె ఆ పచ్చరంగు మీద తన వేలు పెట్టింది.

"అడివని రాస్తే ఫారెస్టోళ్ళతోని కొట్లాడుతం బిడ్డా, మాకు అలవాటే. నీళ్ళని రాస్తే ఎవరితోని కొట్లాడాలె?"

ఆమె కొడుకు వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. అతను లేచి వెళ్ళి ఎడ్లను విప్పాడు.