దిండు దూది కూరిన స్పీకరు

నేను దయ్యాల్ని నమ్మే మనిషిని కాను. మా ఇంట్లో సాయంత్రం ప్రార్థన ఉండేది గానీ తాయెత్తులూ, దిష్టి తీయడాలూ ఉండేవి కావు. బళ్ళో చింతచెట్టు మీద దయ్యం ఉందని పిల్లలు ఏడిస్తే, అందర్నీ ఆ చెట్టు కిందే కూచోబెట్టి ఎక్కాలు చెప్పించినదాన్ని. కాబట్టి ఇది చదివి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నేనేం అనుకోను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

డెబ్భైల్లో మాట ఇది. మా ఆయన పామర్రులో పోయారు. మామూలు జ్వరమే అనుకున్నాం, మనిషినే తీసుకుపోయింది. పిల్లలు లేరు. నాకు బెజవాడలో టీచరు పని దొరికితే గవర్నర్‌పేటలో ఒక మేడమీద రెండు గదుల వాటాలో దిగాను. ఆ చుట్టుపక్కల ఆయన్ని చూసినవాళ్ళుగానీ, ఆయన మాట విన్నవాళ్ళుగానీ ఒక్కరూ లేరు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

పగలంతా బళ్ళో గోల. సాయంత్రం తాళం తీసి లోపలికి వస్తే నా చెప్పుల చప్పుడు నాకే వినపడేది. కిరసనాయిలు స్టవ్వు ఆపేస్తే ఇక ఏ చప్పుడూ ఉండదు. అది ఆపడం ఇష్టంలేక ఒక్కోసారి ఉత్తి నీళ్ళే మరగబెట్టుకుంటూ కూచునేదాన్ని.

మా ఆయన ముచ్చటపడి కొన్న స్టీరియో రికార్డు ప్లేయరు నాతోనే తెచ్చుకున్నాను. దానికి స్పీకర్లు కొనాలి, కొనాలి అంటూనే ఆయన వెళ్ళిపోయారు. ఆ పని నేనైనా చేద్దామని ఒక రేడియో షాపుకి వెళ్ళాను.

షాపాయన నిలువెత్తు డబ్బాలు చూపించబోయాడు. నా గది ఎంతుంటుందో చెప్పాను. "అమ్మో, ఆ గదిలో ఇవి పెడితే గోడలు అదురుతాయండీ. మీకు ఆరంగుళాల స్పీకర్లు చాలు, డబ్బాలు నేనే చేయించి ఇస్తాను" అన్నాడు. ప్లైవుడ్ పెట్టె, ముందు గుడ్డ, లోపల దూది. దూది కూరకపోతే డొల్లగా మోగుతుందట.

"వినేది నేనొక్కదాన్నే, రెండెందుకండీ?" అన్నాను.

"చెవులు రెండున్నాయి కదమ్మా!" అన్నాడు. ఎన్నాళ్ళకో నవ్వాను.

అతని దగ్గర దూది ఒక డబ్బాకే ఉంది. రెండోదానికి ఇంట్లో పాత దూది ఏమన్నా ఉంటే తెచ్చుకోండి, ఖర్చు కలిసొస్తుంది అన్నాడు.

ఉంది. మా వైపు పోయినవాళ్ళ పరుపూ దిండూ ఇంట్లో ఉంచరు. క్రైస్తవులమైనా ఆ పట్టింపు మాకూ ఉంది. మా అత్తగారు అన్నీ ఇచ్చేశారు గానీ, ఆయన దిండు మాత్రం నేను బీరువాలో చీరల కింద దాచేశాను. దాని మీద పడుకోలేను, పారేయలేను. పాటలంటే ప్రాణంపెట్టిన మనిషి కదా, ఆయన దూది పాటలపెట్టెలో ఉంటే మంచిదేగా అనుకున్నాను. బూరుగు దూది. నా చేత్తో నేనే విప్పి సంచిలో వేసి ఇచ్చాను.

డబ్బాలు ఇంటికొచ్చిన సాయంత్రం వీణ రికార్డు పెట్టాను. అందులో మనిషి గొంతనేదే లేదు. గదినిండా వీణ! కూచుని హాయిగా ఏడ్చాను.

నాలుగు రోజులు గడిచాయో లేదో, రికార్డు తిరుగుతుండగా పాలుపోసే వెంకమ్మ గుమ్మంలో నిలబడి, "అయ్యగారు ఊరినించి వచ్చినట్టున్నారు, గొంతు వినపడతంది. ఇంకో గ్లాసు పోయమంటారా అండీ?" అంది. నీ మొహం, పాలు పోసి పో అని కసిరాను.

తర్వాత కింద వాటాలో ఉండే ఇంటిగలావిడ పైకొచ్చింది. "టీచరుగారూ, మాది సంసారుల కొంప. మీ గదిలో మగమనిషి అలికిడి అవుతోందండీ" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "వెతుక్కోండి పిన్నిగారూ, బీరువా వెనకాల కూడా చూసుకోండి" అన్నాను. ఆ మహాతల్లి నిజంగానే చూసింది! మంచం కింద కూడా చూసింది. మీకు వినిపించేది ఈ పెట్టెలేనమ్మా అని కుర్చీ వేసి కూచోబెట్టి రికార్డు పెట్టాను.

ముల్లు తగిలింది. వీణ ఇంకా మొదలవలేదు. ఆవిడ ఉలిక్కిపడి ఎడమపక్క డబ్బాకేసి తిరిగింది.

"అదుగో!" అంది.

నాకేం వినపడలేదు. ముల్లు గీసుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఏం విన్నారని అడిగాను. ఆవిడ రెండుసార్లు పొడిగా గొంతు సవరించి, ముక్కుతో పొడుగ్గా ఊపిరి పీల్చి చూపించింది.

మా ఆయన పామర్రు చర్చిలో పాటలు పాడేవారు. ప్రతి పాటకీ ముందు అచ్చం అంతే. రెండుసార్లు గొంతు, తర్వాత ఊపిరి. "ఇంజను వేడెక్కింది, ఇక మొదలుపెట్టండి" అని నేను వెనక వరసలోంచి ఏడిపించేదాన్ని. బెజవాడలో ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు.

షాపాయన్ని పిలిపించాను. తన రికార్డు ఇంకోటి తెచ్చి పెట్టాడు. అతనికీ వినపడింది. వైర్లు మార్చాడు, డబ్బాలు అటుదిటు ఇటుదటు పెట్టాడు. ఎక్కడ పెట్టినా ఆ చప్పుడు దిండు దూది ఉన్న డబ్బాలోంచే వస్తోందన్నాడు. నాకు అంతుబట్టడం లేదండీ అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. చెవుల డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చాను. మీ చెవులు నిక్షేపంలా ఉన్నాయమ్మా అన్నాడు.

భయం వేసిందా అంటే, లేదు. కోపం వచ్చింది. కట్టుకున్నదాన్ని నేనుండగా పాలమనిషికి వినపడటమేమిటి, నాకు వినపడకపోవటమేమిటి? "ఏమండీ, నేనేం పాపం చేశాను?" అని ఆ డబ్బాకి చెవి ఆనించి అడిగాను. ఎన్ని సాయంత్రాలు అలా కూచున్నానో.

ఇంటిగలావిడ చెడ్డ మనిషేం కాదు, దిండు సంగతి చెబితే భయపడింది. ఆ దూది తీసి కాలవలో పారేయండి, లేదంటే ఇల్లు ఖాళీ చేయండి అంది. ఆదివారం చర్చి నుంచి వచ్చి వెనక చెక్క మేకులు ఊడదీశాను. లోపల చెయ్యిపెట్టాను. మెత్తగా ఉంది, అంతే. తీస్తే ఆ చప్పుడు పోతుంది. ఎవరికీ వినపడకుండా పోతుంది. ఆ చెయ్యి అలాగే పెట్టుకుని చాలాసేపు కూచుని, మళ్ళీ చెక్క బిగించేశాను. నెల తిరక్కుండా ఇల్లు మారిపోయాను.

ఇన్నేళ్ళయినా దీనికి కారణం నాకు తెలీదు. పాస్టరుగారిని అడిగితే ప్రార్థన చేశారు, లెక్కల మాస్టారిని అడిగితే నవ్వారు. ఇద్దర్నీ తప్పుపట్టను.

ఇప్పటికీ ఇంటికెవరొచ్చినా కాఫీ ఇచ్చి ఆ రికార్డు పెడతాను. వాళ్ళకేమీ చెప్పను. ఆ డబ్బా ఒకసారి ఎడమపక్క ఉంటుంది, ఒకసారి కుడిపక్క. నేను మాత్రం వచ్చినవాళ్ళకి ఎదురుగా కూచుని వాళ్ళ మొహమే చూస్తుంటాను. కప్పు పట్టుకున్న మనిషి ఉన్నట్టుండి అటు తిరిగితే, ఆయన గొంతు సవరించుకున్నారని నాకు తెలుస్తుంది.

ఇంజను వేడెక్కింది, ఇక మొదలుపెట్టండి అని లోపల్లోపల అనుకుంటాను.

పాట రాదు. వీణ మొదలవుతుంది.