మగచేప రెక్క గరుకు

రిటైరవడానికి ఆరేళ్ల ముందు, ఓ జూన్ నెలలో, ఏన్కూరు అవతల అడవి అంచున ఉన్న చేపపిల్లల ఉత్పత్తి కేంద్రానికి నన్ను అధికారిగా వేశారు. చేపల చేత గుడ్లు పెట్టించడంలో నేను చేయి తిరిగినవాణ్ణని మత్స్యశాఖలో పేరు. ఆ పేరంటే నాకూ ఇష్టమే.

ఎండలు ముదిరేకొద్దీ మగ రోహు చేపల్లో హార్మోన్ పెరుగుతుంది. పొట్ట మెల్లగా నొక్కితే తెల్లటి శుక్రం కారుతుంది. జాలరులు దాన్ని పాలంటారు. వానాకాలం చివరికొచ్చేసరికి హార్మోన్ దిగిపోతుంది, పాలూ ఆగిపోతాయి. ఆడచేపలు కాస్త ఆలస్యంగా పక్వానికొస్తాయి. రెండూ సిద్ధమైన రోజునే గుడ్లు పెట్టించే ఇంజెక్షన్ ఇస్తాం.

ఆ ఏడు వానలు వెనకబడ్డాయి, ఆడచేపలు ఓ పట్టాన సిద్ధం కాలేదు. నేను మాత్రం రోజూ పొద్దున్నే వల వేయించి మగచేపల్ని నొక్కి చూసేవాణ్ణి. ఎవరైనా చూడవస్తే వాళ్ల ముందూ నొక్కి చూపించేవాణ్ణి.

ఆగస్టులో ఇంజెక్షన్లు ఇచ్చాం. మర్నాటికి గుడ్లన్నీ సున్నపు చుక్కల్లా తెల్లబడ్డాయి. అంటే ఒక్కటీ ఫలించలేదు. మా దగ్గర పనిచేసే జాలరి ముత్తయ్య వాటిని దోసిట్లోకి తీసుకుని చూశాడు. కారేపల్లి దగ్గర వాళ్ల జాలరుల సంఘం చెరువుకు చేపపిల్లలు మేమే ఇవ్వాలి. ఇవ్వకపోతే వచ్చే ఏడు ఆ సంఘం ఇళ్లవాళ్లకు పట్టడానికి చేపలుండవు.

సీజన్ అయిపోయింది, హార్మోన్ దిగిపోయిందని నేను రిపోర్టు మొదలుపెట్టాను. ముత్తయ్య గుమ్మం దగ్గరికి వచ్చాడు.

“సీజన్ యాడికీ పోలే సార్. దినాం పిండితిరి, ఇంకేం మిగుల్తది? రెక్క తడిమి సూడుండ్రి.”

ఒళ్లు మండింది. అయినా వెళ్లాను. నేను పిండిన చేపల పక్కరెక్కలు తడిమితే లోపలివైపు పిల్లి నాలుకలా గరుగ్గా తగిలాయి. హార్మోన్ ఉన్నంతకాలమే మగచేపకు ఆ గరుకు. ట్రైనింగుల్లో ఎందరికో నేనే చెప్పిన సంగతి అది. తప్పు రుతువుది కాదు, నా చేతిది. సిగ్గుపడ్డాను.

చోటు చాలక మూలకుంటలో ఉంచిన మగచేపల్ని అప్పటిదాకా ఎవరూ ముట్టలేదు. మొదటి విడతలో వాడకుండా మిగిలిన ఆరు ఆడచేపలకు వాటిని జతచేసి ఇంజెక్షన్ ఇచ్చాం. మర్నాడు గుడ్లు గాజుపూసల్లా తేటగా ఉన్నాయి, లోపల తోకలు కదులుతున్నాయి. ముత్తయ్య సంఘానికి ఆ ఏడు పిల్లలు అందాయి.

రాసిన రిపోర్టు చింపి, అధికారి రోజూ నొక్కడం వల్ల మొదటి విడత పోయిందని మళ్లీ రాసి, సంతకం చేశాను. పొట్ట నొక్కడం ఇంజెక్షన్ రోజున, ఒక్కసారే. అందాకా రెక్క తడిమితే చాలు.