చీకట్లో పెట్టని సీసా

2023 వేసవి. అప్పుడు నేను వైట్‌ఫీల్డ్‌లోని ఒక చిన్న ప్రైవేటు ల్యాబ్‌లో కెమిస్టుని. మా పని ఫోటోక్యాటలిస్టులు, అంటే వెలుతురు పడితే నీటిలోని రంగును విరగ్గొట్టే పొడులు తయారు చేయడం. టైటానియం డయాక్సైడ్ ఆ పని చేస్తుంది గానీ దానికి అతినీలలోహిత కిరణాలు కావాలి. ఎండలో అవి తక్కువ. అందుకని సీరియం అనే రేర్ ఎర్త్ లోహాన్ని చిటికెడు కలుపుతాం. దాన్నే డోపింగ్ అంటారు. అప్పుడు మామూలు వెలుతురు కూడా పనికొస్తుంది.

దేవనహళ్ళి దగ్గర పట్టునూలుకు రంగులద్దే యూనిట్ నడిపే మునిరత్నమ్మ మా దగ్గరకొచ్చింది. రంగునీళ్లు శుభ్రం చేయకపోతే మూసేస్తామని నోటీసు వచ్చిందట. ఆమెను నమ్ముకుని పన్నెండు మంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. ఆమె తెచ్చిన ఎర్రటి నీళ్లలో మా పొడి వేసి మేడమీద ఎండలో పెట్టాను. రెండు గంటల్లో నీళ్లు తేటపడ్డాయి. ఆమె కళ్లు తుడుచుకుంది. సోమవారానికల్లా రిపోర్టు ఇస్తానని మాటిచ్చేశాను.

ఆ సాయంత్రం నుంచీ మనసు కుదురుగా లేదు. ఇంత త్వరగా ఎప్పుడూ కాలేదు. బస్సులో కూర్చున్నా అదే ఆలోచన, అన్నం ముందు కూర్చున్నా అదే. సంబరంలో డార్క్ టెస్ట్, అంటే వెలుతురు లేకుండా పెట్టి చూసే పరీక్ష, మరిచాను. ఆదివారమైనా ల్యాబ్‌కి వెళ్లి, ఆమె తెచ్చినవాటిలో మిగిలిన ఎర్రనీళ్లు, అదే పొడి సీసాలో పోసి ఫాయిల్ చుట్టాను. వెలుతురు సోకకుండానే నీళ్లు తేటపడ్డాయి. అడుగున పొడి మాత్రం ఎర్రగా ఉంది. రంగు విరగలేదు, పొడికి అంటుకుంది.

సోమవారం ఆ సీసా మునిరత్నమ్మ ముందు పెట్టి, నా తొందరపాటంతా చెప్పాను. ఆమె దాన్ని చాలాసేపు తిప్పి చూసింది.

"నూలుకు పట్టినట్టే పట్టుకోనుండాది కదప్పా. రంగు పట్టాలనే మేం పులుపేస్తాం. ఆ పులుపు ఇంకా నీళ్లలోనే ఉండాది. దాన్ని తీసి చూసినావా?"

చూడలేదు. అద్దకంలో వాడే యాసిడ్ సంగతి నాకు తట్టనే లేదు. సోడా కలిపి పులుపు విరిచాను. సీరియం కూడా తగ్గించాను, ఎక్కువైతే అదే పనికి అడ్డుపడుతుంది. పది రోజుల తర్వాత మళ్లీ రెండు సీసాలు పెట్టి చూస్తే, చీకట్లోని సీసా ఎర్రగానే ఉండిపోయింది. ఎండలోది తేటపడింది.

"కానీ రోజంతా పడుతుందక్కా. అదే రాస్తాను."

"నిజమే రాయప్పా. మా మిద్దె మీద ఎండకేం, దండిగా ఉండాది."

ఆ రిపోర్టు చూసి అధికారులు గడువిచ్చారు. ఆమె మిద్దె మీద లోతు తక్కువ తొట్లు కట్టించుకుంది. యూనిట్ నడుస్తోంది.

కోరుకున్న ఫలితం కోరుకున్నంత తొందరగా వస్తే ఇప్పటికీ నాకు కాలు నిలవదు. ఆ అలజడిని అణచుకోకూడదని, దాని వెంటే వెళ్లి చూడాలని నేర్చుకున్నది అప్పుడే.