గాలి పట్టిన పాట

మీ ఇంట్లో ఆడపిల్ల గొంతు మీరెన్నడూ వినని తీరులో పలికితే, మీరు ముందు అనుమానించేది ఎవరిని? ఆ పిల్లనా, మీ చెవులనా? తొందరపడి మంచి జవాబు చెప్పకండి. మంచి జవాబు చెప్పే ఇళ్ళన్నీ నేను చూసినవే.

మొన్న ఒక వైరు కోసం బళ్ళారిలో మైకులమ్మే దుకాణానికి వెళ్ళాను. నా ముందు ఒక తండ్రి, కాలేజీలో చదివే కూతురు ఉన్నారు. ఇంట్లో రాక్ పాటలు రికార్డు చేసుకోవడానికి ఆ అమ్మాయికి మైకు కావాలట. తండ్రి రెండు చేతుల్లో రెండు మైకులు పట్టుకుని, దోసకాయలు బేరమాడేవాడిలా ఎత్తి దించి చూస్తున్నాడు. "ఇది బాగ బరువుండాది. ఇదే ఇయ్యప్పా" అన్నాడు. "ఏక్‌దమ్ స్టూడియో మాలు సార్" అన్నాడు దుకాణదారు. ఆ అమ్మాయిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. నాకు ఒళ్ళు మండింది. ఇనుప రాయి తూచి అమ్మే జిల్లాలో పుట్టినంత మాత్రాన మైకును కూడా తూచి కొనాలా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఎందుకంటే రెండేళ్ళ కిందట అదే దుకాణంలో నిలబడి అదే పని చేసిన మనిషిని నేనే.

నా చెల్లెలి అత్తగారి ఊరు బళ్ళారి జిల్లాలోని కూరెకుప్ప. మా మరిదికి ఖనిజం తోలే లారీలున్నాయి. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు మెటల్ పాటలు పాడుతుంది. ఆ పాట ఎలా ఉంటుందో ఎరగనివాళ్ళకు చెప్పడం కష్టమే. గొంతు లోపలి నుంచి, ఇంకా కిందనుంచి, పొట్టలోంచి ఒక గర్జన పైకి వస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నేను కూడా చేతిలో కాఫీ కిందపెట్టాను. "గొంతు చించుకోవడం కాదు పెద్దమ్మా, ఊపిరిని పట్టి వదలడం. ఏడాది సాధకం చేసినా" అని ఆ పిల్ల నవ్వింది. బెంగుళూరులో ఉన్న స్నేహితులు గిటారు, డ్రమ్ములు వాయించి పంపితే, ఈమె ఇంట్లో గొంతు రికార్డు చేసి తిరిగి పంపాలి. అది వాళ్ళ మొదటి పాట. సోమవారానికల్లా పంపకపోతే ఇంకొకర్ని చూసుకుంటామని వాళ్ళు ఖచ్చితంగా చెప్పేశారు.

మైకు నేను కొనిపెడతానన్నాను. ఆ పిల్లను వెంటబెట్టుకుని వెళితే దుకాణంలో రెండు రకాలు చూపించారు. ఒకటి సభల్లో నేను ముప్పయ్యేళ్ళు పట్టుకుని ఉపన్యాసాలు దంచిన మామూలు చేతి మైకు లాంటిది. డైనమిక్ మైకంటారు. రెండోది కండెన్సర్ మైకు. లావుగా, తళతళలాడుతూ, పెట్టెలో పట్టుగుడ్డ మీద పడుకుని ఉంది. "ఇది చీమ నడిచినా పడ్తాది మేడం" అన్నాడు దుకాణదారు. వేదికల మీద ఆడంబరాన్ని, ఖరీదును కొలిచే బుద్ధిని తూర్పారబట్టిన నేను ఆ పట్టుగుడ్డకు పడిపోయాను. ఆ పిల్ల నా చెయ్యి గిల్లి, "పెద్దమ్మా, నాకు చిన్నదే సాలు" అంది. నేను వినలేదు. చీమ నడక వినపడే మైకును, లారీలు తిరిగే రోడ్డు పక్కన, నాపరాయి నేలా ఖాళీ గోడలూ ఉన్న గదికి మోసుకెళ్ళాను.

ఇక్కడ మా వైపు మాట ఒకటి చెప్పాలి. మాకు గాలి అంటే వీచే గాలి ఒక్కటే కాదు. ఎవరికైనా "గాలి పట్టింది" అంటే దెయ్యం పట్టిందని. రికార్డు చేసేవాళ్ళ భాషలోనేమో, ప, బ లాంటి అక్షరాలు పలికేటప్పుడు నోటి ఊపిరి మైకుకు తగిలి బుస్సుమంటే "గాలి పడ్తాంది" అంటారు. శుక్రవారం పొద్దున ఆ పిల్ల గదిలోంచి బయటికి వచ్చి, చెమటతో, జుట్టు విరబోసుకుని, గొంతు బొంగురుపోయి, "గాలి పడ్తాంది, మల్లా పాడల్ల" అంది. వరండాలో కూర్చున్న అవ్వ, అంటే మా మరిది తల్లి, ఈ మాట విన్నది. అంతకుముందు గదిలోంచి వచ్చిన గర్జన ఎలాగూ విన్నది. ఆమెకు ఇంకేం సాక్ష్యం కావాలి?

దానికి తోడు మరిది, కూతురు ఏం చేస్తోందో చూద్దామని ఫోనులో ఆ పాట పెట్టించుకుని విన్నాడు. గర్జన ఆగిన ప్రతి చోటా కింద ఇంకో గొంతు ఉంది. సన్నగా, వణుకుతూ, ఏదో గొణుగుతోంది. అతను ఫోను నా వైపు తిప్పాడు. "విన్యావా వదినా? లోపల ఇంకో ఆడమనిషి ఉండాది" అన్నాడు. అవ్వ చెవి దగ్గర పెట్టుకుని విని, "ఇది మనూరి గొంతు గాదురా. దీన్ని నేనెప్పుడూ యాడా వినలేదు" అని తేల్చేసింది. ఆదివారం అమావాస్య. గాలి విడిపించే ఆయన దగ్గరికి జీపులో తీసుకుపోవాలని నిర్ణయమైంది. పాట బంద్. మైకు అటకెక్కాలి. నా చెల్లెలు ఏడుస్తూ నిలబడింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, చదువుకున్న పిల్ల, తన గొంతు గురించి తన ముందే జరుగుతున్న పంచాయితీలో ఒక్క మాటైనా ఎవరూ అడగని పిల్ల, గోడకానుకుని నా వైపు చూసింది.

గాలి విడిపించడమంటే ఏమిటో నాకు తెలుసు. వేపబరికెతో కొడతారు. మిరపకాయల పొగ మొహానికి పెడతారు. పాడే మనిషి గొంతుకు మిరపపొగ! "ఆ పొగ నీ లారీ డ్రైవర్లకు పెట్టిస్తావా? పెడితే ఊరుకుంటారా?" అని మరిదిని నిలదీశాను. "వాళ్ళకు గాలి పట్టలేదు గదా" అన్నాడు. నాకు వాదించడమే అలవాటు. ఆ రోజు వాదం పనికిరాదని అర్థమైంది. "రేపు పొద్దున నా ముందర మూడుసార్లు పాడిస్తా. దెయ్యముంటే మూడుసార్లూ పలకాల గదా? పలికితే జీపు నేనే ఎక్కిస్తా" అన్నాను.

శనివారం పొద్దున మొదటిసారి ఆ లావు మైకులోనే పాడించి, రికార్డయింది అందరికీ వినిపించాను. గొణుగుడు వచ్చింది. అవ్వ దండం పెట్టుకుంది. కానీ ఆ పిల్ల పాడుతున్నంతసేపూ నేను చూసింది పిల్లను కాదు, మిగిలినవాళ్ళను. గర్జన మొదలవగానే అవ్వ తలుపు పక్కకు జరిగి, గుప్పిట్లో ఉప్పు పట్టుకుని, కళ్ళు మూసుకుని, పెదాలు కదిలిస్తోంది. రెండోసారి అదే మైకు పెట్టి, అవ్వను నాలుగిళ్ళ అవతల కూర్చోబెట్టి వచ్చాను. గొణుగుడు లేదు! మూడోసారి అవ్వను మళ్ళీ తలుపు పక్కనే నిలబెట్టి, నా సభల సంచిలోని పాత చేతి మైకు తీసి పిల్లకిచ్చాను. మూతికి ఆనించుకుని పాడింది. గర్జన తప్ప వేరే ఏమీ లేదు. అది మూతి దగ్గరి గొంతును మాత్రమే గట్టిగా పడుతుంది. తలుపవతలి ముసలమ్మను పట్టించుకోదు. లావు మైకు ఆమెను కూడా పట్టింది, పైగా పాటను సరిచేసేటప్పుడు గట్టి శబ్దాన్ని అణిచి మెత్తటిదాన్ని పైకి లేపుతారు గనక, గొణుగుడు ఇంకా పైకొచ్చింది.

"అవ్వా, ఆ దెయ్యం నువ్వే" అంది పిల్ల. దిష్టి తీసే మాటలు గొణుగుతూ మనవరాలిని కాపాడుకుంటున్న అవ్వ గొంతే అది. అవ్వ మళ్ళీ విన్నది. మళ్ళీ విన్నది. "థూ, నా గొంతు ఇంత అసయ్యంగా ఉంటాదా? బేడ, వద్దు, తీసేయ్ దాన్ని!" అంది. అందరూ నవ్వారు. ఎవరి గొంతు వాళ్ళకు బయటినుంచి పరాయిగానే వినపడుతుంది. దాన్ని దెయ్యమనుకోవడానికి మాత్రం ఒక ఇల్లంతా కలిసిరావాలి.

నేను గెలిచాననుకున్నాను. అప్పుడు మరిది నవ్వు ఆపి, నేల చూస్తూ అన్న మాటకు నాకు ఇప్పటికీ రక్తం ఉడుకుతుంది. "గాలి లేదు, సరే వదినా. అయినా ఆడపిల్ల అట్ల అరిస్తే నలుగురికి ఏం చెప్పేది? గాలి పట్టిందంటే అయ్యో పాపమన్నా అంటారు." అంటే అతనికి దెయ్యం మీద నమ్మకం కన్నా దెయ్యం వల్ల సౌకర్యం ఎక్కువ. కూతురు తనకు నచ్చి అరుస్తోందని ఒప్పుకోవడం కన్నా, ఇంకెవరో లోపల ఉండి అరుస్తున్నారని చెప్పుకోవడం సులువు. నేను నోరు తెరిచేలోపు ఆ పిల్లే గోడను వదిలి ముందుకు వచ్చింది.

"నాకు గాలి ఉండేది నిజమే నాయనా. అది నా ఊపిరి. దాన్ని విడిపించల్లంటే నన్ను సంపల్ల. పోదామా జీపులో?"

మరిది జీపు తాళాలు మేకుకు తగిలించి లారీల దగ్గరికి వెళ్ళిపోయాడు. గదిలో శబ్దం మారుమోగకుండా గోడలకు బొంతలు కట్టి, ఆ పాత చేతి మైకు మూతికి ఆనించుకుని, ఆదివారం సాయంత్రానికి ఆ పిల్ల పాట పూర్తి చేసి పంపింది. ఇప్పటికి ఆరు పాటలు పాడింది. అవ్వ గుమ్మంలో కూర్చుని, పాటయ్యేదాకా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది. మరిది మాత్రం చుట్టాలతో "కంప్యూటరు పని చేస్తాంది" అంటాడు. ఒక్క పాట కూడా చివరిదాకా వినలేదు. గర్జన మొదలవగానే ఏదో పనున్నట్టు లేచిపోతాడు.

ఆ దుకాణంలో తండ్రి బరువైన మైకే కొనుక్కుని వెళ్ళాడు. నేను నోరు మూసుకున్నందుకు సిగ్గుపడి ఇదంతా రాస్తున్నాను. కాలం మారుతుందిలే, పిల్లల మాట వినే రోజులు వస్తాయిలే అనేవాళ్ళంటే నాకు పడదు. కాలం దేన్నీ మార్చదు, ఉత్తగా గడిచిపోతుంది. అది గడుస్తున్నంతసేపూ ఆ పిల్లల వయసు కూడా గడిచిపోతుంది. కనుక రేపటిదాకా ఆగకండి. ఈ కాగితం పక్కనపెట్టి, మీ ఇంట్లో మీరు నోరు మూయించిన పిల్లను పిలవండి, పాడమనండి. నచ్చకపోయినా సరే, మధ్యలో లేవకుండా, చివరిదాకా కూర్చుని వినండి.